అంగ్‌కోర్ గోడల వెంట అమ్మతో మూడు రోజులు

కంబోడియాలోని అంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి ఒక ట్రావెల్ ఏజెన్సీ వాళ్లు పంపిన ప్లాన్‌లో 3 రోజుల్లో 19 గుళ్లు ఉన్నాయి. అంగ్‌కోర్ వాట్‌కి రెండు గంటలు, అందులో ఒక గంట సూర్యోదయం ఫోటోలకే. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివింది. "క్షీరసాగర మథనం గోడ ఒక్కటే నూట అరవై అడుగులుంటుందని నువ్వే చెప్పావు కదే. మరి దాని ముందు నిలబడేది ఎప్పుడు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్యాకేజీ వద్దనుకున్నాం. వీసా, విమానం, గది, తుక్‌తుక్ (అక్కడి ఆటో) అన్నీ మేమే చూసుకున్నాం. 2024 జనవరిలో కంబోడియా వెళ్లొచ్చాం. అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కానీ భారతం, భాగవతం, రామాయణం ఆవిడ నోటి మీదే ఉంటాయి. అక్కడి గోడలు చదవడానికి నాకు అంతకంటే మంచి తోడు దొరకదని ముందే తెలుసు. అయితే ఆ గోడలు ఆవిడకి తెలియని సంగతులు కూడా చెబుతాయని మాత్రం నేను అనుకోలేదు.

ముందు ప్రయాణం పనులు చెప్తాను. ఈ-వీసా ఆన్‌లైన్‌లో తీసుకున్నాం, మేం వెళ్లినప్పుడు మనిషికి 36 డాలర్లు. దాన్ని ప్రింటు తీసి చేతిలో ఉంచుకోవడం మంచిది. బ్యాంకాక్‌లో విమానం మారి అంగ్‌కోర్‌కి దగ్గరి ఊరు సియమ్ రీప్‌లో దిగాం. పాత ప్రయాణ కథనాలు చదివి విమానాశ్రయం నుంచి ఊరు పావుగంటే అనుకున్నాను. 2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. గదికి చేరేసరికి గంట పైనే పట్టింది. ఆ రోజు సాయంత్రానికి ఏ పనీ పెట్టుకోకపోవడం మంచిదైంది.

డబ్బు విషయంలో ఒక టెన్షన్ పడ్డాం. అక్కడ అమెరికా డాలర్లు, కంబోడియా రియెల్ రెండూ కలిసి నడుస్తాయి. డాలరుకి సుమారు 4,000 రియెల్. డాలర్ నాణేలు వాడరు కాబట్టి చిల్లర రియెల్‌లో ఇస్తారు. నా దగ్గరున్న ఒక 20 డాలర్ల నోటు అంచున గోరంత చిరుగు ఉంది. మొదటి దుకాణంలో వద్దన్నారు, రెండో చోటా వద్దన్నారు. ఆ నోటు అలాగే తిరిగొచ్చింది. వెళ్లేవాళ్లు నోట్లు తీసుకునేటప్పుడే ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూసుకోండి.

టికెట్ గుడి దగ్గర దొరకదు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో అంగ్‌కోర్ ఎంటర్‌ప్రైజ్ వాళ్ల టికెట్ కార్యాలయం ఉంది. అక్కడ కౌంటర్ ముందు నిలబెట్టి మన ఫోటో తీసి, ఆ ఫోటోతోనే పాస్ ముద్రించి ఇస్తారు. ఒక రోజుకి 37 డాలర్లు, 3 రోజులకి 62, 7 రోజులకి 72. ప్రతి పాస్ నుంచి 2 డాలర్లు కంథా బోఫా పిల్లల ఆసుపత్రులకి వెళ్తాయి. ఆ మాట చెప్పగానే అమ్మ తన పాస్‌ని చీర కొంగుతో తుడిచి భద్రంగా పర్సులో పెట్టుకుంది. సాయంత్రం 5 గంటలప్పుడు కొంటే పాస్ మర్నాటి నుంచి లెక్కలోకి వస్తుంది. ఆ సాయంత్రం కూడా లోపలికి వదులుతారు.

ఇక్కడే మాకు బాగా పనికొచ్చిన సంగతి ఒకటుంది. 3 రోజుల పాస్‌ని వరసగా మూడు రోజులూ వాడాల్సిన పనిలేదు. 10 రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. మేం ఒక రోజు తిరిగాం, ఒక రోజు గదిలో కాళ్లు చాపుకున్నాం. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఈ ఒక్క వెసులుబాటుని వదులుకోకండి. విశ్రాంతి రోజుల్లో అమ్మ మంచం మీద కూర్చుని ముందు రోజు చూసిన శిల్పాలని కథల వరసలో మళ్లీ చెప్పేది. అప్పుడు నాకు గోడ మీద చూడనివి కూడా అర్థమయ్యేవి.

మొదటి రోజు పూర్తిగా అంగ్‌కోర్ వాట్‌కే ఇచ్చాం. 12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన గుడి ఇది. చుట్టూ ఉన్న కందకమే 190 మీటర్ల వెడల్పు. చీకట్లోనే వచ్చి కొలను ఒడ్డున నిలబడేవాళ్లు వందల్లో ఉంటారు. మేం ఆ గుంపులో చేరలేదు. సూర్యుడు పైకొచ్చాక వాళ్లలో చాలామంది టిఫిన్ కోసం ఊళ్లోకి వెళ్లిపోతారు. సరిగ్గా అప్పుడు, ఆరున్నర దాటాక మేం కందకం దాటి లోపలికి వెళ్లాం.

పడమటి ద్వారంలో కుడివైపు ఎనిమిది చేతుల విష్ణువు నిలబడి ఉన్నాడు. కాషాయ వస్త్రం కట్టారు, ముందు అగరుబత్తులు వెలుగుతున్నాయి. అక్కడి ఖ్మేర్ జాతి ముసలావిడ ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని తామరమొగ్గలు పెట్టి దణ్ణం పెడుతోంది. ఆ మూర్తిని వాళ్లు 'తా రీచ్' అంటారని మా తుక్‌తుక్ అబ్బాయి ముందే చెప్పాడు. రీచ్ అంటే రాజు. తా అంటే తాత. "తాతకి వీళ్లూ తా అనే అంటారా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

నేను మన దేవుళ్ల గుళ్లు పరాయి దేశంలో శిథిలాలుగా ఉన్నాయి, చూసొద్దాం అన్న ఆలోచనతో బయల్దేరినదాన్ని. ఆ ముసలావిడ అగరుబత్తి వెలిగించి లేచాక ఆ ఆలోచన నాలో నిలవలేదు. ఆ గుడి ఎవరూ లేక పడి ఉన్నది కాదు. తర్వాతి శతాబ్దాల్లో అది బౌద్ధ క్షేత్రమైంది, ఈనాటికీ భిక్షువులు, భక్తులు వస్తూనే ఉన్నారు. విష్ణువు విగ్రహం తాత రాజుగా పూజలందుకుంటోంది. అమ్మ ఆ ముసలావిడ పక్కనే నిలబడి చేతులు జోడించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలు వంచుకున్నారు.

లోపలి గ్యాలరీకి వెళ్లాక అమ్మ అలవాటుగా ఎడమవైపు తిరిగింది. ప్రదక్షిణ అంటే దేవుడు మన కుడిచేతివైపు ఉండాలి కదా. నేను ఆపాను. ఈ గుడిలో శిల్పాల వరస కుడివైపు నుంచి మొదలవుతుంది, గోడ ఎప్పుడూ మన ఎడమచేతివైపే ఉంటుంది. అంటే అప్రదక్షిణం. గుడి ముఖం కూడా పడమటికే. ఈ రెండింటినీ బట్టి రాజు మరణానంతర కర్మకీ ఈ గుడికీ సంబంధం ఉందని కొందరు పండితులు భావించారు. చనిపోయాక సూర్యవర్మకి పెట్టిన పేరు పరమవిష్ణులోక. ఇదంతా చెప్పాక అమ్మ కాసేపు ఆలోచించి, "అలాగైతే వాళ్ల వరసలోనే వెళ్దాం పద" అని కుడివైపు తిరిగింది.

ఆ వరసలో మొదట వచ్చేది కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవ సేన, కుడి నుంచి పాండవ సేన, మధ్యకి వచ్చేసరికి ఏనుగులు, రథాలు, మనుషులు ఒకరి మీద ఒకరు. అక్షరం రాసి లేదు. నేను అక్కడ ఒట్టి యుద్ధమే చూస్తున్నాను. అమ్మ పైవరసలో వేలు చూపించింది. ఒంటినిండా బాణాలతో ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు, చుట్టూ మనుషులు వంగి నిలబడ్డారు. అంపశయ్య మీద భీష్ముడు! అది ఒక్కటి దొరకగానే మిగతా గోడంతా తెరుచుకుంది. కొప్పుముడితో ద్రోణుడు, రథం మీద అర్జునుడు, ఆయనకి సారథిగా నాలుగు చేతుల కృష్ణుడు. ఒక్క గోడకి ముప్పావుగంట పట్టింది. పక్కనుంచి నాలుగు టూరు బృందాలు వచ్చి వెళ్లిపోయాయి.

దక్షిణపు గ్యాలరీలో మొదటి సగం సూర్యవర్మ ఊరేగింపు. అక్కడ చిన్న చిన్న శాసన వాక్యాలున్నాయి, రాజు మీద గొడుగులే గొడుగులు. మిగతా సగం స్వర్గ నరకాలు. గేదె మీద ఎన్నో చేతుల యముడు, తీర్పు దగ్గర చిత్రగుప్తుడు. 37 స్వర్గాలు, 32 నరకాలు. నరకాల పేర్లు కూడా చెక్కారు. అవీచి, రౌరవం, వైతరణి, అన్నీ అమ్మకి తెలిసిన పేర్లే. స్వర్గాలన్నీ ఒకేలా ఉన్నాయి, అందరూ భవనాల్లో కూర్చున్నారు. శిల్పి మనసంతా నరకాల మీదే పెట్టినట్టుంది. అమ్మ అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. శిక్షలు చూడలేనంది.

తూర్పు గ్యాలరీకి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. క్షీరసాగర మథనం ఆ గ్యాలరీ దక్షిణ భాగంలో ఉంది. తూర్పు ముఖం కాబట్టి పొద్దుటి వెలుతురు గోడ దాకా వస్తుంది. 49 మీటర్లు. ఎడమవైపు 92 మంది అసురులు, కుడివైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతున్నారు. మధ్యలో విష్ణువు, కింద కూర్మం, పైన అలల్లోంచి పుట్టి గాల్లో తేలుతున్న అప్సరసలు. ఒకరి మోకాలు వంగిన తీరే పక్కవాళ్లకీ, ఆ పక్కవాళ్లకీ. నడుస్తూ చూస్తే వాళ్లు నిజంగా లాగుతున్నట్టే ఉంటుంది. ఆగి చూస్తే ఆ కదలిక పోతుంది. అందుకని మేం రెండుసార్లు నడిచాం.

అమ్మ కిందకి వంగి సముద్రాన్ని చూడమంది. చేపలు, మొసళ్లు. చివర్లలో హాయిగా ఈదుతున్నాయి. మధ్యకి వచ్చేకొద్దీ కవ్వం దగ్గర నీటి వడికి ముక్కలైపోయి ఉన్నాయి. ఆ శిల్పి మథనం అంటే ఏమిటో నీళ్లలో ఉన్న చేపవైపు నుంచి కూడా ఆలోచించాడు. నేను ఇన్నేళ్లుగా విన్న కథలో ఆ చేపలు ఎప్పుడూ లేవు.

దేవతల వరస చివర, పాము తోక దగ్గర, అమ్మ ఆగిపోయింది. అందరికంటే పెద్ద ఆకారం తోకని ఎత్తి పట్టుకుంది. ముఖం కోతిది.

"వానరుడు ఇక్కడెందుకున్నాడే? ఇది కూర్మావతారం. రామావతారానికి ఇంకా ఎంత కాలముంది!" అంది.

నేను చదివిన పుస్తకాల్లో ఒకరు హనుమంతుడన్నారు, ఒకరు సుగ్రీవుడన్నారు. అదే చెప్పాను. అమ్మకి ఆ జవాబు సరిపోలేదు. శిల్పి పొరపాటు పడ్డాడేమో అని మాత్రం ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. "ఇంత పని తెలిసినవాడు ఊరికే పెట్టడు. వీళ్లకి వేరే కథ ఏదో ఉండుంటుంది" అంది. ఆ రోజంతా, మర్నాడు గదిలో కూడా దాని గురించే మాట్లాడింది.

గుడి పై అంతస్తు, బకాన్ అంటారు, ఆ రోజు మూసేశారు. మెట్ల దగ్గర కాపలా మనిషి "సిల్, సిల్" అన్నాడు. తుక్‌తుక్ అబ్బాయి తర్వాత వివరంగా చెప్పాడు. శీలం అన్న మాటే వాళ్ల నోట సిల్ అయింది. నెలలో నాలుగు పవిత్ర దినాలుంటాయి, ఆ రోజుల్లో పైకి వదలరు. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, "ఇవాళ అష్టమి" అంది. అవును, రెండు అష్టములు, పౌర్ణమి, అమావాస్య, ఇవే వాళ్ల సిల్ దినాలు. అంగ్‌కోర్ వాట్‌కి ఏ రోజు వెళ్లాలో నిర్ణయించుకునే ముందు తిథి చూసుకోండి. నేను అది చూసుకోలేదు. పాస్ మూడు రోజులది కాబట్టి సరిపోయింది, ఒక రోజుదైతే అది చూడకుండానే తిరిగొచ్చేవాళ్లం.

రెండో రోజు బంతాయ్ స్రెయ్. ఊరి నుంచి 35 కిలోమీటర్లకి పైనే, తుక్‌తుక్‌లో గంటకి పైగా పడుతుంది. పొద్దున్నే చలిగాలి బాగా కొట్టింది, అమ్మకి శాలువా తీసుకెళ్లడం మంచిదైంది. స్రెయ్ అంటే స్త్రీ. స్త్రీల కోట అని ఇప్పటి పేరు. 967లో ప్రతిష్ఠ జరిగిన శివాలయం. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు, రాజాస్థానంలో పెద్ద.

ఫోటోల్లో చూసి పెద్ద గుడి అనుకుంటాం. దగ్గరికెళ్తే గర్భగుడి తలుపు ఎత్తు 1.08 మీటర్లు. అంతా మనిషి కళ్లకి అందే ఎత్తులో ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అంగ్‌కోర్‌లో ఇంతకంటే అనువైన గుడి లేదు. మెట్లు ఎక్కే పని లేదు, లోపలి ఆవరణకి తాడు కట్టి ఉంచారు కాబట్టి చుట్టూ తిరిగి చూడ్డమే. ఎర్రరాయి పొద్దుటి ఎండలో గులాబీ రంగుకి తిరుగుతుంది. చెక్కడం ఎంత లోతుగా ఉందంటే తీగల వెనక నీడ పడుతోంది.

ఇక్కడ అమ్మ నాకంటే ముందు పరిగెత్తింది. "అదిగో రావణుడు కైలాసం ఎత్తుతున్నాడు. పార్వతి భయపడి శివుణ్ణి పట్టుకుంది చూడు." కింద జంతువులు పారిపోతున్నాయి. అదే కట్టడానికి రెండోవైపు మన్మథుడు శివుడి మీద బాణం ఎక్కుపెట్టాడు. ఇంకో కట్టడం మీద పైన మూడు తలల ఏనుగెక్కిన ఇంద్రుడు, కింద అడవి, జంతువులు, మధ్యలో ఏటవాలు గీతలు గీతలుగా వాన. నేను గోవర్ధనం అనుకున్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. "కొండేది? గోవులేవి? అడవి తగలబడుతుంటే ఇంద్రుడు వాన కురిపిస్తున్నాడు. ఖాండవ దహనం." పుస్తకంలో చూస్తే అదే. వానని రాతిలో చెక్కాలన్న ఆలోచన వచ్చినవాడికి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

గర్భగుడుల ముందు మోకాళ్ల మీద కూర్చున్న కాపలా మూర్తులు నకళ్లు. అసలువి మ్యూజియంలో ఉన్నాయి. 1923లో ఫ్రెంచి రచయిత ఆంద్రె మాల్రో ఈ గుడి నుంచి దేవతా శిల్పాలు పెకలించుకుపోతూ పట్టుబడ్డాడు, శిల్పాలు వెనక్కి వచ్చాయి. కో కేర్ అనే పాత రాజధాని నుంచి దొంగలు కాళ్లు అక్కడే వదిలి నరుక్కుపోయిన భీముడు, దుర్యోధనుడి విగ్రహాలు కొన్ని దశాబ్దాలు విదేశాల్లో ఉండి, 2014లో కంబోడియాకి తిరిగొచ్చాయి. నకలు చూసినప్పుడు నిరాశపడకండి. ఈ దేశం పోగొట్టుకున్నది చూస్తే, అసలుని లోపల దాచుకోవడం న్యాయమే అనిపిస్తుంది.

మూడో రోజు పొద్దున బాయన్, తా ప్రోమ్. రెండూ ఏడవ జయవర్మ కట్టించినవి. బాయన్ ముఖాల గోపురాల గురించి అందరికీ తెలుసు. మేం ఎక్కువసేపు ఉన్నది కింద బయటి గ్యాలరీలో. అక్కడ దేవుళ్లు కాదు, మనుషులు. సంతలో చేపలమ్మే ఆడవాళ్లు, కోడిపందెం, వంట, పడవల మీద పొరుగు రాజ్యపు చామ్ సేనతో యుద్ధం. నడుస్తున్న సైనికుడి వెనక తాబేలు కొరుకుతోంది, అతను వెనక్కి తిరిగి చూస్తున్నాడు. 800 ఏళ్ల కిందటి ఆ ఒక్క క్షణం చూసి అమ్మ గట్టిగా నవ్వింది.

తా ప్రోమ్‌లో రద్దీ ఎక్కువ, చెట్ల వేళ్ల ముందు ఫోటోలకి వరస కట్టాలి. మేం త్వరగానే బయటపడ్డాం. మన పురావస్తు శాఖ వాళ్లు కంబోడియా వాళ్లతో కలిసి ఇక్కడ కూలిన రాళ్లని తిరిగి నిలబెట్టే పని చేశారు. ఆ బోర్డు దగ్గర కాసేపు ఆగాం. 1186లో జయవర్మ తన తల్లి పేరున ప్రతిష్ఠించిన గుడి అని చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని నడిచింది. పేరు మాత్రం ఆవిడే విడగొట్టింది. తా అంటే తాత, ప్రోమ్ అంటే బ్రహ్మ కదూ అని అడిగింది. అవును.

మధ్యాహ్నం మళ్లీ అంగ్‌కోర్ వాట్. ఆ రోజు బకాన్ తెరిచే ఉంది. ఒకసారికి 100 మందిని పంపుతారు, దిగేవాళ్లు దిగాక మిగతావాళ్లని. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. పైన శాలువా కప్పుకుంటే ఒప్పుకోరు. 12 ఏళ్లలోపు పిల్లల్ని వదలరు. చెక్కమెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అమ్మ కింద రాతి అరుగు మీద కూర్చుంది, నేనొక్కదాన్నే ఎక్కాను. పైనుంచి చూస్తే పడమటి దారి తిన్నగా కందకం దాకా కనిపించింది. కిందకి చూస్తే తెల్లచీరలో అమ్మ. గర్భగుడిలో ఇప్పుడు బుద్ధుడు.

నాలుగు గంటలకి పడమటి గ్యాలరీ ఉత్తర భాగానికి వచ్చాం. లంకా యుద్ధం. మొదటి రోజు చుట్టు ముగించి ఇక్కడికి వచ్చేసరికి కాళ్లు లాగేసి సరిగ్గా చూడలేదు. ఇప్పుడు పడమటెండ స్తంభాల మధ్య నుంచి పడి ప్రతి గీత పైకి లేచింది. హనుమంతుడి భుజాల మీద నిలబడి రాముడు బాణాలు వేస్తున్నాడు. వెనక లక్ష్మణుడు, విభీషణుడు. ఎదురుగా సింహాలు లాగే రథం మీద రావణుడు, పది తలలు, ఇరవై చేతులు. మిగతా గోడంతా వానరులే. కొరుకుతూ, రక్కుతూ, గుర్రాల మెడలు విరుస్తూ. అమ్మ మాట్లాడకుండా ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఐదున్నరకి కాపలావాళ్లు అందర్నీ బయటికి పంపడం మొదలుపెట్టారు. మథనం గోడ దగ్గరికి ఒక్కసారి వెళ్లొద్దామని అమ్మ అడిగింది కానీ టైం లేదు.

తుక్‌తుక్ ఎక్కాక అమ్మ ఆ అబ్బాయిని నా చేత అడిగించింది. సముద్రం చిలికే గోడ మీద తోక పట్టుకున్నది ఎవరు బాబూ అని. అతను క్షణం కూడా ఆలోచించలేదు.

"హనుమాన్" అన్నాడు. రెండు చేతులతో తాడు లాగుతున్నట్టు చూపించి, "చాలా బలం" అన్నాడు.

కందకం వెంట బండి కదిలింది. నీళ్ల మీద ఇంకా వెలుతురు ఉంది. మలుపు దాకా అమ్మ వెనక్కే చూస్తూ కూర్చుంది.

"అయితే అప్పటికే ఆయన ఉన్నాడన్నమాట" అంది.